కంకి కాదు, కాండం

వరి వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త మడి గట్టు మీద నిలబడితే ముందుగా చూసేది కంకిని. గింజ నిండిందా, తాలు ఎంత పోయింది, గాలికి పైరు పడిపోతుందా అన్నవే ఆయన లెక్కలు. 1966లో విడుదలైన ఐఆర్-8 ఘనతంతా అక్కడే ఉంది. మొక్క పొట్టిదైంది, గడ్డి తగ్గింది, గింజ పెరిగింది. పాత పొడుగు రకాల్లో మొక్క బరువులో గింజ వాటా మూడో వంతుకు అటూ ఇటూగా ఉండేది. ఐఆర్-8లో అది సగానికి చేరింది. హరితవిప్లవమంటే కాండానికి పోయే తిండిని కంకికి మళ్లించడమే.

ఈ అధ్యాయంలో చెప్పబోయే వాళ్ల పని దానికి పూర్తిగా తలకిందులు. వాళ్లకు గింజ దండగ. పూత త్వరగా వస్తే దిగులు. మొక్క ఎంత ఎత్తు పెరిగితే అంత సంతోషం. చివరికి అది నిలువునా ఎండాలి, అదీ సరైన అదనుకే ఎండాలి. ఆ ఎండుగడ్డిని బాయిలర్లో కాల్చి కరెంటు తీస్తారు, పులియబెట్టి ఇథనాల్ చేస్తారు, కొన్నిచోట్ల పచ్చిగా ఉండగానే కోసి గ్యాస్ తీస్తారు. ఒకసారి నాటితే పదీ పదిహేనేళ్లు మళ్లీ దున్నే పని, విత్తే పని లేకుండా ఏటా కోతకొచ్చే గడ్డి వాళ్లకు కావాలి. వ్యవసాయం పుట్టి పదివేల ఏళ్లయినా ఇలాంటి పంట కోసం మనిషి గడ్డిని దిద్దడం మొదలుపెట్టి నిండా యాభై ఏళ్లు కాలేదు. అంటే ఇవాళ వీటిని దిద్దుతున్నవాళ్లు, వరిని అడవి గడ్డి నుంచి మొదటిసారి ఏరుకున్న మన పూర్వీకులు నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. కాకపోతే వాళ్లకు జన్యుపటం ఉంది, తొందర కూడా ఉంది.

ఆ తొందరే ఈ కథలో ముఖ్యమని నా అభిప్రాయం. గడ్డి పెరిగే కాలం వేరు, దాన్ని దిద్దడానికి పట్టే కాలం వేరు, చమురు ధరలు మారే కాలం వేరు. ఈ మూడింటికీ పొంతన కుదరక చాలా డబ్బు, కొన్ని మంచి వంగడాలు మూలన పడ్డాయి.

ముందు, బహువార్షిక గడ్డే ఎందుకన్నది చూద్దాం. మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీయడం అమెరికాలో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ ఏటా దున్నాలి, విత్తాలి, నత్రజని వేయాలి. ఆ నత్రజని ఎరువు తయారీకే సహజవాయువు ఖర్చవుతుంది. పెట్టిన శక్తిని తీసేస్తే మిగిలేది తక్కువ. బహువార్షిక గడ్డి లెక్క వేరు. దాని వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి నేలను పట్టుకుంటాయి. పైగా అది పొదుపరి. వెనకటి రోజుల్లో రైతులు ధాన్యాన్ని పాతరలో దాచుకున్నట్టు, చలికాలం రాబోతుందనగానే ఆకుల్లోనూ కాండంలోనూ ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్‌లను నేలలోపలి కొమ్ముల్లోకి దించుకుంటుంది. పసుపు, అల్లం మొక్కలకు ఉండేలాంటి కొమ్ములే ఇవీ. వసంతంలో కొత్త పిలకలు ఆ నిల్వ తినే లేస్తాయి. నేల పైన మిగిలేది చాలావరకు కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. అవి గాలి నుంచి, నీటి నుంచి వచ్చినవే కాబట్టి వాటిని కోసుకుపోతే నేలకు పెద్దగా నష్టం లేదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1993లో మిస్కాంతస్ అనే గడ్డి నాటి పద్నాలుగేళ్లు వరుసగా కోశారు. కొన్ని మళ్లకు నత్రజని వేశారు, కొన్నింటికి అసలు వేయలేదు. దిగుబడిలో తేడా రాలేదు.

బాయిలర్ నడిపేవాళ్లకు ఈ పొదుపు ఇంకో రకంగా కలిసొస్తుంది. పచ్చిగా కోసిన గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువగా ఉంటాయి. కాల్చినప్పుడు పొటాషియం వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి గొట్టాలకు చిట్టెంలా అతుక్కుంటుంది, క్లోరిన్ ఇనుమును తినేస్తుంది. అందుకే ఇంగ్లండ్ రైతులు మిస్కాంతస్‌ను అక్టోబరులో నిండుగా ఉన్నప్పుడు ముట్టుకోరు. చలికాలమంతా చేలో నిలువునా వదిలేస్తారు. వానలకు కాండంలో మిగిలిన పొటాషియం, క్లోరిన్ కడుక్కుపోతాయి, మంచుగాలికి తేమ ఆరిపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వెదురు పుల్లల్లా గలగలమంటున్న కాండాలను కోసి బేళ్లు కడతారు. ఈలోపు ఆకులన్నీ రాలి దిగుబడిలో దాదాపు మూడో వంతు పోతుంది. పోయినా ఫరవాలేదనుకుంటారు. రాలిన ఆకు నేలకే ఎరువు, పైగా కలుపు లేవకుండా కప్పుతుంది.

ఇప్పుడు పూత సంగతికి రావాలి. ఈ గడ్డి జాతుల్లో పూత రావడమంటే పెరుగుదల ముగిసిందని అర్థం. పొట్ట దశకు రాగానే కొత్త ఆకులు ఆగిపోతాయి, పోషకాలు కిందికి దిగే ఏర్పాట్లు మొదలవుతాయి. కాబట్టి పూత ముందే వస్తే కాండం చిన్నదవుతుంది, దిగుబడి పోతుంది. పూత మరీ ఆలస్యమైతే దిగుబడి బాగానే ఉంటుంది కానీ, పోషకాలు ఇంకా పైనే ఉండగా మంచు కురిసి మొక్క పచ్చగానే మాడిపోతుంది. కొమ్ముల్లో నిల్వ ఉండదు, మరుసటి ఏడు పిలకలు రావు. దిగుబడి, చలికి తట్టుకునే శక్తి, ఇంధనం నాణ్యత మూడూ ఒక్క పూత తేదీకి ముడిపడి ఉన్నాయి. ఎనర్జీ గడ్డిని దిద్దడమంటే ముప్పాతిక మువ్వీసం ఈ తేదీని దిద్దడమే.

ఇది అందరికంటే ముందు అనుభవంలోకి వచ్చింది స్విచ్‌గ్రాస్ మీద పనిచేసినవాళ్లకు. ఉత్తర అమెరికా మధ్యభాగంలో ఒకప్పుడు అడవిదున్నలు తిరిగిన ప్రెయిరీ మైదానాల్లోని గడ్డి ఇది. మన సామలు, వరిగలు ఏ ప్రజాతివో ఇదీ ఆ ప్యానికమ్ ప్రజాతిదే. సామచేను చూసినవాళ్లకు దీని విడివిడి కంకి కొత్తగా అనిపించదు. కాకపోతే ఇది మనిషిని దాటి పెరుగుతుంది. 1970ల చమురు సంక్షోభాల తరవాత అమెరికా ఇంధన శాఖ టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ద్వారా శక్తినిచ్చే పంటల కోసం వెతుకులాట మొదలుపెట్టింది. 1980ల మధ్య నుంచి వేర్వేరు రాష్ట్రాల్లో 34 రకాల గడ్డిజాతులు, పప్పుజాతులు వేసి చూశారు. 1991లో డబ్బు చాలక ఒక్కదాని మీదే దృష్టి పెట్టాల్సి వచ్చినప్పుడు స్విచ్‌గ్రాస్‌ను నమూనా పంటగా ఎంచుకున్నారు. అది దేశవాళీది, విత్తనంతో వస్తుంది, రైతుకు ఎండుగడ్డి కోసే యంత్రాలే సరిపోతాయి. పశువుల మేతగా దాని మీద అప్పటికే కొన్ని దశాబ్దాల పని జరిగి ఉంది. అన్నింటికంటే ఎక్కువ దిగుబడి ఇస్తుందని కాదు, అన్నింటికంటే తక్కువ తలనొప్పి అని ఎంచుకున్నారు. అదీ తెలివైన పనే.

స్విచ్‌గ్రాస్‌లో రెండు తెగలున్నాయి. దక్షిణాది నదీతీరాల్లో, పల్లపు నేలల్లో పెరిగేది ఒకటి. లావుగా, ఎత్తుగా, గుంపుగా లేస్తుంది. ఉత్తరాది మెట్టల్లో పెరిగేది ఇంకొకటి. సన్నగా, పొట్టిగా ఉంటుంది కానీ గడ్డకట్టే చలికి తట్టుకుంటుంది. పల్లపు తెగలో నాలుగు వరసల లెక్కన 36 క్రోమోజోములు, మెట్ట తెగలో చాలావాటికి ఎనిమిది వరసల లెక్కన 72. లెక్క కుదరని మొక్కలను కలిపితే గింజ పట్టదు. అయితే మెట్ట తెగలోనూ 36 ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటితో పని జరుగుతుంది.

పగటి నిడివిని బట్టి పూసే మొక్క ఇది. టెక్సస్‌లో అలవాటుపడ్డ అలమో రకాన్ని ఉత్తరానికి తీసుకెళ్లి నాటితే అక్కడి వేసవి పగళ్లు పొడుగు కాబట్టి పూత ఆలస్యం చేసి పెరుగుతూనే ఉంటుంది. మొదటి ఏడాది రైతు మురిసిపోతాడు. చలికాలం రాగానే సగం చేను చచ్చిపోతుంది. ఉత్తరాది రకాన్ని దక్షిణానికి తెస్తే బతకడానికి ఢోకా లేదు కానీ, మోకాలెత్తుకే పూసి కూర్చుంటుంది. అందుకే ఒక రకాన్ని అది పుట్టినచోటి నుంచి ఉత్తరానికి ఐదు వందల కిలోమీటర్లు దాటించొద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతుంటారు.

కాసిని రోజులు పూత ఆలస్యం కావాలి, చలికి చావకూడదు. నెబ్రాస్కాలోని లింకన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున కెన్ వోగెల్ బృందం ఈ రెండు కోరికలనూ ఒకే మొక్కలో పెట్టే పనికి దిగింది. ఒక్లహోమా నుంచి వచ్చిన కాన్‌లో అనే పల్లపు రకాన్ని, సమ్మర్ అనే మెట్ట రకంతో కలిపారు. రెండూ 36 క్రోమోజోములవే. సంకర సంతానం తల్లిదండ్రుల్లో మెరుగైనదానికంటే 30 నుంచి 38 శాతం ఎక్కువ దిగుబడి ఇచ్చిందని 2008లో ప్రకటించారు. మొక్కజొన్నకు వందేళ్ల కిందట ఎలాంటి సంకర బలం కలిసొచ్చిందో దాదాపు అలాంటిదే.

కానీ మొక్కజొన్నలో చేసినట్టు ఇక్కడ చేయడానికి లేదు. మొక్కజొన్నను ఏడెనిమిది తరాలు తనతో తనకే కలిపి శుద్ధమైన వరసలు తీస్తారు, తరవాత రెండింటిని కలుపుతారు. స్విచ్‌గ్రాస్ తన పుప్పొడిని తాను తీసుకోదు. గాలికి ఎగిరొచ్చిన పరాయి పుప్పొడే కావాలి. కాబట్టి చేలో ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు. ఇక్కడ వంగడమంటే ఒక్క మొక్క కాదు, ఒక జనాభా. ఆ జనాభా సగటును కొద్దికొద్దిగా జరపడమే పని.

ఆ జరపడం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే మన వరి, పత్తి శాస్త్రవేత్తల ఓపిక చిన్నదనిపిస్తుంది. గ్రాముకు ఐదారు వందలు తూగే నున్నని చిన్న గింజలు. వాటిలోనూ చాలా గింజలు నిద్రావస్థలో ఉంటాయి, తడిపి చలిలో పెడితే తప్ప మొలవవు. గ్రీన్‌హౌస్‌లో నారు పెంచి, చేలో మీటరు ఎడంతో వెయ్యో రెండువేలో మొక్కలు నాటుతారు. మొదటి ఏడాది కొలవడానికి ఏమీ ఉండదు, గడ్డి వేళ్లు పెంచుకునే పనిలో ఉంటుంది, మనుషులు కలుపు తీసే పనిలో ఉంటారు. రెండో ఏడు, మూడో ఏడు ప్రతి మొక్కా ఎప్పుడు పూసింది, ఎంత ఎత్తు, చలికి ఎన్ని పిలకలు పోయాయి అని రాసుకుంటారు. కోసి తూచి, గుప్పెడు నమూనా ఆరబెట్టి పొడి చేసి, పరారుణ కాంతిలో పెట్టి లిగ్నిన్, సెల్యులోజ్ ఎంతెంత ఉన్నాయో చూస్తారు. అందులోంచి నూటికి ఐదో పదో ఏరి, నాలుగో ఏడు వాటిని వేళ్లతో తవ్వి, ముక్కలు చేసి, వేరే గడ్డి పుప్పొడి సోకని దూరపు మడిలో కలగలిపి నాటుతారు. గాలి వాటికి పెళ్లి చేస్తుంది. ఆ గింజతో తరవాతి తరం. అంటే ఒక్క తరానికి నాలుగైదేళ్లు. ఎడంగా నాటినప్పుడు భేషుగ్గా ఉన్న మొక్క, రైతు చల్లినట్టు ఒత్తుగా చల్లితే పక్కమొక్కలతో పోటీపడలేక చతికిలపడొచ్చు. కాబట్టి ఒత్తు మళ్లలో, నాలుగైదు ఊళ్లలో, ఇంకో మూడు నాలుగేళ్లు పరీక్ష. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో ఆరేడు తరాలు చూస్తే అదృష్టవంతుడు.

కాన్‌లో, సమ్మర్ సంతానాన్ని అలా తరం తరవాత తరం నెబ్రాస్కా చలికి వదిలి, బతికి బట్టకట్టినవాటిలోంచి ఏరితే వచ్చింది లిబర్టీ అనే రకం. ఉత్తర మైదానాల కోసం ఇంధనం పంటగానే విడుదల చేసిన మొదటి స్విచ్‌గ్రాస్ ఇది. 2014లో నమోదైంది. అక్కడి మంచి మెట్ట రకాల కంటే ఎకరాకు దాదాపు రెండు టన్నులు ఎక్కువ ఇస్తుంది. ఓక్ రిడ్జ్ వాళ్లు గడ్డిని ఎంచుకుని అప్పటికి 23 ఏళ్లు.

మధ్యలో చేదు అనుభవాలూ ఉన్నాయి. 1984లో ఇదే లింకన్ కేంద్రం ట్రెయిల్‌బ్లేజర్ అనే స్విచ్‌గ్రాస్‌ను విడుదల చేసింది. పశువుకు సులువుగా అరిగేలా ఏరిన రకం. ఎద్దు కడుపులో అరిగేది ఇథనాల్ ఫ్యాక్టరీలోనూ సులువుగా చక్కెరగా మారుతుంది కాబట్టి ఇంధనం వాళ్లకూ ఆశ కలిగింది. అయితే అదే దిశలో ఎంపిక కొనసాగించిన కొద్దీ చలికాలంలో చచ్చే మొక్కలు పెరిగాయి. కాండాన్ని గట్టిగా నిలబెట్టే లిగ్నిన్‌ను ఊరికే తగ్గించలేం, మొక్క దాన్ని తన అవసరానికి పెట్టుకుంది. తరవాత చలికి తట్టుకున్నవాటిలోనే మెత్తనివాటిని ఏరుకుంటూ ఈ చిక్కును కొంత విప్పారు. ప్రయోగశాలలో జన్యువు మీదే చెయ్యి వేసినవాళ్లూ ఉన్నారు. ఒక్లహోమాలోని నోబుల్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు లిగ్నిన్ తయారీలో ఒక ఎంజైమును అణిచి, ఇథనాల్ 38 శాతం దాకా ఎక్కువ తీయగలిగామని 2011లో చూపించారు. గాలి మీద ఆధారపడి పుప్పొడి చల్లే దేశవాళీ గడ్డిలో మార్చిన జన్యువును పొలానికి వదలడమంటే ప్రెయిరీ అంతటికీ వదిలినట్టే. అందుకే ఈ దారి మీద నాకు పెద్ద ఆశ లేదు. 2021లో స్విచ్‌గ్రాస్ జన్యుపటం పూర్తిగా వెలువడింది. టెక్సస్ నుంచి దక్షిణ డకోటా దాకా పది తోటల్లో వందలాది మొక్కల నకళ్లను నాటి, ఏ జన్యుఖండం ఎక్కడ బతికిస్తుందో ఎక్కడ చంపుతుందో పట్టిక తీశారు. మొలక దశలోనే ఆకు ముక్క చూసి మొక్క భవిష్యత్తు అంచనా వేయగలిగితే నాలుగైదేళ్ల తరం సగానికి తగ్గుతుంది. నిజమైన లాభం అక్కడ ఉంది.

ఇక రెండో గడ్డి, మిస్కాంతస్. దీని కథ ఇంకోలా నడిచింది. ఇది తూర్పు ఆసియాది. చెరకుకూ మన రెల్లుకూ దగ్గరి చుట్టం. మనం రెల్లుతో పాకలు కప్పుకున్నట్టే జపాన్ పల్లెల్లో దీనితో ఇళ్లు కప్పుకునేవారు. 1935లో ఆక్సెల్ ఓల్సెన్ అనే డెన్మార్క్ నర్సరీ యజమాని జపాన్‌లోని యొకొహామా నుంచి ఒక మొక్కను అలంకారానికని తెచ్చుకున్నాడు. మూడు నాలుగు మీటర్లు పెరిగే ఆ మొక్క రెండు జాతుల మధ్య సహజంగా పుట్టిన సంకరం. ఒక జాతికి 38 క్రోమోజోములు, రెండోదానికి 76. ఒకదాని నుంచి 19, ఇంకోదాని నుంచి 38 కలిసి 57 అయ్యాయి. మూడు వరసలున్నప్పుడు జతలు కుదరవు. కాబట్టి కంకి వస్తుంది, గింజ మాత్రం పట్టదు.

యూరప్, అమెరికాల్లో ఇప్పటికీ సాగవుతున్న మిస్కాంతస్‌లో అత్యధికం ఆ ఒక్క మొక్క పిలకలే. గొడ్రాలు మొక్క కావడం ఒక విధంగా మేలే, పక్క చేలల్లోకి, అడవుల్లోకి పాకదు. దిగుబడి కూడా దిగ్భ్రమ కలిగించేది. ఇల్లినాయ్‌లో ఎమిలీ హీటన్, స్టీఫెన్ లాంగ్ బృందం మూడేళ్లు పక్కపక్కన పెంచి చూస్తే స్విచ్‌గ్రాస్ హెక్టారుకు సగటున 10 టన్నుల చొప్పున ఇస్తే ఇది 30 టన్నుల చొప్పున ఇచ్చింది. ఆ పోలికలో స్విచ్‌గ్రాస్ తరఫున నిలబడ్డది మెట్ట రకమని గుర్తుంచుకోవాలి. పల్లపు రకమైతే తేడా అంతుండేది కాదు. అయినా మిస్కాంతస్ గెలుపులో నిజం ఉంది. చెరకు, జొన్న లాంటి వేడిదేశపు గడ్డి జాతులకు చలి తగిలితే ఆకు పనిచేయడం మానేస్తుంది. ఇది మాత్రం 14 డిగ్రీల దగ్గర కూడా ఎండను ఆహారంగా మార్చుకుంటుంది. వసంతంలో మొక్కజొన్న ఇంకా విత్తకముందే దీని ఆకు విప్పుకుంటుంది.

మరి లోపమేమిటి? మొత్తం ఖండం ఒక్క మొక్క మీద ఆధారపడటం. దానికి నచ్చే తెగులో పురుగో ఒక్కటి వస్తే ఆపడానికి వేరే వంగడం లేదు. నాటిన మొదటి చలికాలంలో నేలలోని కొమ్ము దగ్గర ఉష్ణోగ్రత మైనస్ మూడున్నర డిగ్రీలకు దిగితే సగం కొమ్ములు చస్తాయి. విత్తనం లేదు కాబట్టి కొమ్ములు తవ్వి, ముక్కలు చేసి నాటాలి. హెక్టారు చేను తవ్వితే ఇరవై హెక్టార్లకు మించి నాటలేం. పైగా గొడ్రాలు కాబట్టి దీన్ని తల్లిగా పెట్టి మెరుగుపరచడానికీ లేదు. ప్రకృతి ఎప్పుడో చేసిన పెళ్లిని మనుషులు మొదటి నుంచి మళ్లీ చేయాలి.

వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లిఫ్టన్-బ్రౌన్ బృందం తలపెట్టింది అదే. చైనా, జపాన్, కొరియా, తైవాన్ కొండలు తిరిగి, ఆయా దేశాలతో జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం అనుమతులు తీసుకుని అడవి గింజలు సేకరించారు. ఇల్లినాయ్ నుంచి ఎరిక్ సాక్స్ తూర్పు రష్యా దాకా వెళ్లాడు. అంత చలిలో బతికే మిస్కాంతస్ ఉందంటే ఆ జన్యువులు కావాలి కదా. ఇప్పుడు విత్తనంతో పెంచే సంకరాలు వస్తున్నాయి. తల్లిని, తండ్రిని దక్షిణ యూరప్ ఎండలో ఒకేసారి పూసేలా పక్కపక్కన పెంచి గింజ తీస్తారు, బ్రిటన్‌లో నారు పోసి వరినాట్ల పద్ధతిలో యంత్రంతో నాటుతారు. కొమ్ములతో ఇరవై రెట్లు పెరిగే చోట విత్తనంతో వేల రెట్లు పెరుగుతుంది. కానీ ఒక పట్టింపు తప్పదు. పుట్టే సంకరం గింజ వేసేదైతే చేను దాటి పాకుతుంది. కాబట్టి తల్లి, తండ్రి క్రోమోజోముల లెక్కను ఎంచి, మళ్లీ మూడు వరసల గొడ్రాలు సంతానమే వచ్చేలా చూసుకోవడం మంచిది. గింజతో పుట్టాలి, గింజ వేయకూడదు. ఇలాంటి కోరిక ఏ వరి శాస్త్రవేత్తకూ కలలో కూడా వచ్చి ఉండదు.

ఈ పనులు ఇలా నెమ్మదిగా సాగుతుండగా పైన రాజకీయం పరుగు తీసింది. 2006 జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ కాంగ్రెస్ ప్రసంగంలో స్విచ్‌గ్రాస్ పేరెత్తారు. మరుసటి రోజు ఆ గడ్డేమిటని అమెరికన్లే వెతుక్కున్నారు. 2007లో చట్టం వచ్చింది. గడ్డి, చెక్క, చొప్పల నుంచి తీసే ఇంధనం 2022కల్లా ఏడాదికి 1,600 కోట్ల గ్యాలన్లు కావాలని అందులో రాశారు. 2008 జనవరిలో వోగెల్ సహచరులు పది రైతు పొలాల ఐదేళ్ల లెక్కలు వేసి, స్విచ్‌గ్రాస్ ఇథనాల్‌తో పెట్టినదానికంటే 540 శాతం ఎక్కువ శక్తి రావొచ్చన్నారు. సరిగ్గా తరవాతి నెలలో తిమొతీ సెర్చింజర్ బృందం ఇంకో లెక్క చూపించింది. అదే గడ్డిని మొక్కజొన్న పండే నేలలో వేస్తే, ఆ మొక్కజొన్న కోసం ప్రపంచంలో ఇంకెక్కడో అడవి నరుకుతారు, మొత్తం మీద పెట్రోలు కంటే కర్బన ఉద్గారాలు 50 శాతం పెరుగుతాయని. రెండు లెక్కలకూ నిజంగా పోట్లాట లేదు. గడ్డి మంచిదా కాదా అన్నది అది ఏ నేలలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పత్రికలకు మాత్రం పోట్లాటే కనిపించింది. ఇక షేల్ గ్యాస్ వచ్చింది, చమురు ధర పడింది, మొక్కజొన్న చొప్ప మీద ఆధారపడ్డ ఇథనాల్ ఫ్యాక్టరీలే ఒకటొకటిగా మూతపడ్డాయి. 2022కు చివరికి ఖరారు చేసిన కోటా 63 కోట్ల గ్యాలన్లు. అందులోనూ చాలావరకు చెత్తదిబ్బల నుంచి పట్టిన గ్యాసే. లిబర్టీ రకం విడుదలయ్యేసరికి దాన్ని కొనేవాడు లేడు.

ఇలాంటిదే ఇంకో ఉదాహరణ మనకు దగ్గరగా వస్తుంది. మన గోదావరి, కృష్ణ లంకల్లో తెల్లగా పూసే రెల్లు, చెరకు వంగడాల చరిత్రలో అసలు నాయిక. 1912లో కోయంబత్తూరులో చెరకు కేంద్రం పెట్టాక సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ లావు చెరకును రెల్లుతో కలిపి 1918లో కో 205 తెచ్చారు. ఎండకూ నీటి ఎద్దడికీ తట్టుకుని పంజాబ్‌లో స్థానిక చెరకు కంటే ఎంతో మెరుగ్గా పండింది. వాళ్లు రెల్లు నుంచి బలం తీసుకుని, మళ్లీ మళ్లీ చెరకుతోనే కలిపి తీపి వెనక్కి తెచ్చుకున్నారు. 1970ల్లో లూసియానాలో కొందరు ఆ చివరి పని చేయకుండా ఆగారు. తీపి తక్కువైనా ఫరవాలేదు, పిప్పి ఎక్కువ కావాలి, కార్శి తోట ఎక్కువేళ్లు నిలవాలి అన్నారు. అలా వచ్చింది ఎల్ 79-1002 అనే ఎనర్జీ చెరకు. పేరులోని 79 అంటే దానికి నంబరు పడిన ఏడు, 1979. విడుదలైంది 2007లో. చమురు చవకైన కాలమంతా అది అక్కడే మడిలో ఉంది.

మన దగ్గర ఇప్పుడు మాట వినబడుతున్నది నేపియర్ గడ్డి గురించి. 2024 నవంబరులో రిలయన్స్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకు 65,000 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో గడ్డి వేసి గ్యాస్ తీస్తారు. సంకర నేపియర్ మన పాడిరైతులకు కొత్త కాదు. సజ్జకు 14 క్రోమోజోములు, నేపియర్‌కు 28. రెండూ కలిస్తే 7, 14 చొప్పున 21. మిస్కాంతస్‌లాగే మూడు వరసల గొడ్రాలు మొక్క, కణుపు ముక్కలతో నాటుకోవాలి. కోయంబత్తూరు కో రకాలు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఏపీబీఎన్-1 అన్నీ ఈ కోవలోవే.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. మిస్కాంతస్‌ను ఎండాక కోస్తారు, నేపియర్‌ను పచ్చిగా, నలభై యాభై రోజులకొకసారి కోస్తారు. పోషకాలు కిందికి దించుకునే వ్యవధి దానికి ఇవ్వం. పైగా ఈ రకాలన్నీ మేత కోసం దిద్దినవి. ఆకులో ప్రొటీన్ పెరగాలని డెబ్భై ఎనభై ఏళ్లు ఏరుకుంటూ వచ్చాం. పాడిగేదెకు అది బలం, గ్యాస్ ప్లాంటుకు దానితో పనిలేదు. ప్రొటీన్ అంటే నత్రజని. ఎండు బరువులో 8 నుంచి 10 శాతం ప్రొటీన్ ఉన్న గడ్డి టన్నుకు 13 నుంచి 16 కిలోల నత్రజనిని పొలం దాటిస్తుంది. ఎకరాకు ఏడాదికి 80 టన్నుల పచ్చిగడ్డి కోస్తే అందులో ఎండు బరువు 16 టన్నులు. అంటే కనీసం 200 కిలోల నత్రజని, 45 కిలోల యూరియా బస్తాల్లో లెక్కేస్తే పది బస్తాలు. బీడు భూమి ఏటా అంత ఎక్కడి నుంచి తెస్తుంది? తక్కువ నత్రజనితో, తక్కువ నీటితో పెరిగే నేపియర్‌ను మన మెట్టల కోసం దిద్దే పని ఇప్పుడు మొదలుపెడితే ఫలితానికి పదేళ్లు పడుతుంది. కనుక ఇవాళే మొదలుపెట్టాలి. ఈలోగా గడ్డి వేయమని ఎవరైనా కాగితాలతో వస్తే రైతు టన్ను ధరతో పాటు ఇంకో రెండు అడగాలి. గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీ ఎరువు తిరిగి తన పొలానికి వస్తుందా? ఎండాకాలం తడికి నీళ్లు ఎక్కడివి? ఈ రెండింటికీ జవాబు ఒప్పందంలో రాసి ఉంటేనే సంతకం పెట్టండి.